ఖరీదైన ఎలక్ట్రిక్ కారు కొనుగోలును పన్ను రాయితీ ఎంతవరకు నిర్ణయిస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఖరీదైన ఎలక్ట్రిక్ కారు కొనగల స్తోమత ఉన్నవారి నిర్ణయాన్ని ప్రభుత్వ పన్ను రాయితీ నిజంగా మారుస్తుందా, లేక ఎలాగూ కొనబోయేవారికే ఆ సొమ్ము చేరుతుందా, రాయితీ త్వరలో తగ్గుతుందని తెలిసినప్పుడు తొందరపడి కొనడం మంచిదేనా? కంపెనీ వాహనాల పన్ను లెక్కలు, లీజు ఒప్పందాలు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. వేర్వేరు దేశాల్లో ఉద్యోగం చేసేవారి కార్ల లెక్కలు నా దగ్గరకు వస్తుంటాయి కాబట్టి, ఒకే కారుకు ఒక్కో దేశంలో లెక్క ఎలా మారిపోతుందో దగ్గరగా చూసే అవకాశం కలిగింది.

సూటిగా చెప్పాలంటే, అంతా రాయితీ రూపాన్ని బట్టి ఉంటుంది. కారు ధర పెరిగేకొద్దీ తానూ పెరిగే మినహాయింపు అయితే అది ఖరీదైన కార్ల కొనుగోలును చాలా బలంగా ముందుకు నెడుతుంది. ఎంత ధర ఉన్న కారుకైనా ఒకే మొత్తం ఇచ్చే రాయితీ అయితే ఈ తరగతిలో దాని ప్రభావం స్వల్పం. నేను చూసినంతవరకు ఖరీదైన కారు కొనాలా వద్దా అన్న నిర్ణయం రాయితీ కంటే ముందే జరిగిపోయి ఉంటుంది. అందులో పెట్రోలుదా ఎలక్ట్రిక్‌దా, ఏ నెలలో, సొంత పేరు మీదా కంపెనీ పేరు మీదా అన్న విషయాలను మాత్రం ఎక్కువసార్లు పన్నే తేలుస్తుంది. తొందరపడటం గురించి అడిగారు కాబట్టి అదీ ముందే చెబుతాను: కొన్నిసార్లు తొందరపడాలి, కొన్నిసార్లు ఆగాలి, ఏది మేలో చట్టంలోని తేదీ, హద్దు చూస్తే గానీ తెలియదు.

ఒకే మొత్తం ఇచ్చే రాయితీ సంగతి ముందు చూద్దాం. అమెరికా కొంతకాలం క్రితం వరకు కొత్త ఎలక్ట్రిక్ కారుకు గరిష్ఠంగా 7,500 డాలర్ల పన్ను తగ్గింపు ఇచ్చేది. 30 వేల డాలర్ల కారుకు అది నాలుగో వంతు. 1,20,000 డాలర్ల కారుకు వచ్చేసరికి ఆరు శాతం పైచిలుకు మాత్రమే. అంత డబ్బు పెట్టి కొనేవారు రంగుకు, చక్రాలకు, సీట్ల తోలుకు అంతకంటే ఎక్కువే ఖర్చు చేస్తారు. అందుకే ఆ తరగతి కొనుగోలుదారులు దాన్ని అందితే వద్దనని సొమ్ముగా చూశారే తప్ప, దాని కోసం కారు మార్చుకున్నవారు నాకు పెద్దగా తారసపడలేదు. ఆర్థికవేత్తలు సెవెరిన్ బోరెన్‌స్టీన్, లూకాస్ డేవిస్ అమెరికా ఆదాయపు పన్ను వివరాలను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఎలక్ట్రిక్ కార్ల తగ్గింపులో దాదాపు 90 శాతం ఆదాయంలో పై ఐదో వంతు కుటుంబాలకే చేరింది. ఎలాగూ కొనేవారికే వెళుతుందన్న మీ అనుమానానికి ఈ రకం రాయితీ విషయంలో గట్టి ఆధారమే ఉంది.

ధరతో పాటు పెరిగే మినహాయింపు కథ పూర్తిగా వేరు. నార్వేలో ఎలక్ట్రిక్ కార్లకు కొనుగోలు పన్ను మినహాయింపు 1990లో మొదలైంది. 2001లో వ్యాట్ కూడా తీసేశారు; ఆ వ్యాట్ తర్వాత 25 శాతానికి చేరింది. మూడు లక్షల క్రోనర్ల కారు కొన్నవారికి వ్యాట్ రూపంలో 75 వేలు మిగిలితే, పది లక్షల క్రోనర్ల కారు కొన్నవారికి రెండున్నర లక్షలు మిగిలేవి. దీనికి తోడు పెట్రోలు కారు మీద బరువును, కర్బన ఉద్గారాలను బట్టి కొనుగోలు పన్ను పడేది. పెద్ద ఇంజిను ఉన్న బరువైన కారుకు ఆ పన్ను మరీ భారంగా ఉండేది. ఫలితంగా పన్నులన్నీ కలుపుకుంటే టెస్లా మోడల్ ఎస్ లాంటి పెద్ద కారు, అంతకంటే తక్కువ స్థాయి పెట్రోలు కార్ల ధరకు దగ్గరగా వచ్చింది. 2013 సెప్టెంబరులో నార్వేలో అన్ని కార్లలోకీ ఎక్కువగా అమ్ముడైనది ఆ మోడల్ ఎస్సే. ఇంత ఖరీదైన కారు ఒక దేశపు నెలవారీ అమ్మకాల్లో మొదటి స్థానానికి రావడం వెనుక పన్ను లెక్క లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

భారతదేశపు జీఎస్టీ కూడా ఈ కోవలోకే వస్తుంది. 2019 ఆగస్టు నుంచి ఎలక్ట్రిక్ కార్లకు 5 శాతమే. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద పెట్రోలు, డీజిల్ కార్లకు 40 శాతం. ధర మీద పరిమితి లేదు కాబట్టి, కారు ఖరీదు పెరిగేకొద్దీ ఆ తేడా విలువ కూడా పెరుగుతూనే ఉంటుంది.

మినహాయింపు తీసేసిన రోజు చూడండి, దాని బలం తెలుస్తుంది. నాకు తెలిసినంతలో అత్యంత స్పష్టమైన ఉదాహరణ హాంకాంగ్. అక్కడ కొత్త కారును మొదటిసారి నమోదు చేసేటప్పుడు పన్ను అంచెలంచెలుగా పడుతుంది. అప్పటి రేట్ల ప్రకారం కారు విలువలో మొదటి లక్షన్నర హాంకాంగ్ డాలర్ల మీద 40 శాతం, తర్వాతి లక్షన్నర మీద 75 శాతం, ఆపై రెండు లక్షల మీద 100 శాతం, మిగిలినదాని మీద 115 శాతం. 2017 మార్చి 31 వరకు ఎలక్ట్రిక్ కార్లకు ఈ పన్ను మొత్తం మాఫీ. ఏప్రిల్ 1 నుంచి మాఫీని 97,500 డాలర్లకు కుదించారు. 5,70,000 డాలర్ల విలువగల కారును తీసుకుని కాగితం మీద లెక్క కట్టండి: అంచెల వారీగా 60,000, 1,12,500, 2,00,000, 80,500, మొత్తం 4,53,000 పన్ను. అందులో 97,500 తీసేస్తే 3,55,500 చెల్లించాలి. మార్చి 31న 5,70,000కు వచ్చిన కారు మర్నాడు 9,25,500 అయింది. ఆ మార్చిలో దాదాపు 2,900 కొత్త టెస్లా కార్లు నమోదయ్యాయి. ఏప్రిల్‌లో ఒక్కటి కూడా నమోదు కాలేదు.

ఆ 97,500 ఎక్కడిదో గమనిస్తే విధానం వెనుక ఆలోచన అర్థమవుతుంది. అవే అంచెల్లో రెండు లక్షల డాలర్ల కారుకు పడే పన్ను సరిగ్గా అంతే. అంటే చిన్న ఎలక్ట్రిక్ కారు కొనేవారికి ఏ మార్పూ లేదు. భారమంతా ఖరీదైన కారు మీదే పడింది. మనం ఏదైనా దేశపు రాయితీ ప్రకటన చదివేటప్పుడు మొదట చూడవలసింది శాతం కాదు, ఇలాంటి పరిమితి ఎక్కడ పెట్టారన్నది. డెన్మార్క్‌లోనూ ఇదే జరిగింది: 2015 చివరి వరకు పూర్తి మినహాయింపు ఉన్న రిజిస్ట్రేషన్ పన్నును 2016 నుంచి మెట్లవారీగా వేయడం మొదలుపెట్టగానే, ముందు ఏడాది వేలల్లో అమ్ముడైన టెస్లా కార్లు ఆ ఏడాది వందల్లోకి పడిపోయాయి.

ఇలాంటి అంకెలు చూసినప్పుడు ఒక జాగ్రత్త అవసరం. గడువుకు ముందు పెరిగిన అమ్మకాలు, గడువు తర్వాత తగ్గిన అమ్మకాలు రెండూ రాయితీ వల్ల కొత్తగా పుట్టినవి, పోయినవి అనుకోకూడదు. అందులో పెద్ద భాగం నెలలు మారిన కొనుగోళ్లే. నార్వే 2023 జనవరి 1 నుంచి 5 లక్షల క్రోనర్లు దాటిన మొత్తం మీద వ్యాట్ వేసింది: 6 లక్షల కారుకు 25 వేలు, 10 లక్షల కారుకు 1,25,000. 2022 డిసెంబరులో అమ్మకాలు రికార్డు స్థాయికి వెళ్లి, జనవరిలో రెండు వేల కార్లు కూడా దాటలేదు. అంతమాత్రాన ఎలక్ట్రిక్ కార్లు అక్కడ ఆగిపోలేదు. 2024లో కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్‌వే. డిసెంబరులో కొన్నవారిలో చాలామంది మార్చిలోనో ఏప్రిల్‌లోనో కొనవలసినవారు.

ఇప్పటివరకు చెప్పినదంతా సొంత డబ్బుతో సొంత పేరు మీద కొనేవారి సంగతి. ఐరోపాలో ఖరీదైన ఎలక్ట్రిక్ కార్ల అసలు కథ కంపెనీ కార్లలో ఉంది, నా పనిలో ఎక్కువ భాగం కూడా ఇక్కడే. యజమాని ఇచ్చిన కారును ఉద్యోగి సొంతానికి కూడా వాడుకుంటే, కారు ధరలో కొంత శాతాన్ని ఉద్యోగి ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేస్తారు. ఆ శాతం ఎలక్ట్రిక్ కారుకు ఎంత, పెట్రోలు కారుకు ఎంత అన్న తేడాయే నిర్ణయాలను తలకిందులు చేస్తుంది.

బ్రిటన్ లెక్క చూడండి. 2025–26 సంవత్సరానికి ఎలక్ట్రిక్ కారుకు 3 శాతం. ఉద్గారాలు ఎక్కువగా ఉన్న పెట్రోలు కారుకు 37 శాతం. లక్ష పౌండ్ల ఎలక్ట్రిక్ కారు వాడే ఉద్యోగికి ఆదాయంలో కలిసేది 3,000 పౌండ్లు. 40 శాతం పన్ను కట్టేవారైతే ఏడాదికి 1,200, అంటే నెలకు 100 పౌండ్లు. అదే ధర ఉన్న పెట్రోలు కారుకు 37,000 కలిసి ఏడాదికి 14,800 పౌండ్ల పన్ను పడుతుంది. నెలకు 1,200 పౌండ్లకు పైగా! ఒక మేనేజరు తనకు మొదటి నుంచి ఇష్టమైన పెద్ద పెట్రోలు కారునే కంపెనీ ద్వారా తీసుకోవాలని నా దగ్గరకు వచ్చారు. ఎలక్ట్రిక్ కార్ల మీద ఆయనకు ఆసక్తి లేదు. ఛార్జింగ్ గురించి అనుమానాలు చాలా ఉన్నాయి. రెండు కార్లకూ ఆయన జీతం చీటీ ఎలా ఉంటుందో పక్కపక్కన వేసి చూపించాను. చివరి వరుసలో, చేతికొచ్చే జీతం దగ్గర ఉన్న తేడా చూశాక ఆయన పెట్రోలు కారు మాట మళ్లీ ఎత్తలేదు. పైగా ఆ మిగులుతో ముందు అనుకున్నదానికంటే ఒక మెట్టు పై మోడలే తీసుకున్నారు. ఇలాంటివారు నాకు చాలామంది ఎదురయ్యారు. రాయితీ వల్ల ఎలక్ట్రిక్ వైపు రావడమే కాదు, ఇంకా ఖరీదైన కారు వైపు కూడా వెళతారు; ధర పరిమితి లేని చోట ఇది దాదాపు తప్పదు. ఇంతటి ప్రజాధనం ఈ రూపంలో పై తరగతికి వెళ్లడం నాకు సమంజసంగా అనిపించదు. అయితే నా దగ్గరకు వచ్చినవారికి ఉన్న చట్టం ప్రకారమే లెక్క చెప్పాలి.

నెదర్లాండ్స్ ఈ పాఠాన్ని త్వరగా నేర్చుకుంది. అక్కడ ఎలక్ట్రిక్ కంపెనీ కారు ధరలో 4 శాతాన్నే ఆదాయంగా లెక్కించేవారు, మామూలు కారుకు 22 శాతం. 2019 నుంచి ఆ 4 శాతం 50 వేల యూరోల వరకే వర్తిస్తుందని, ఆపై మొత్తానికి 22 శాతమేనని మార్చారు. 2018 చివరి నెలల్లో టెస్లా మోడల్ ఎస్, మోడల్ ఎక్స్, జాగ్వార్ ఐ-పేస్ కార్ల నమోదు ఎగబాకింది. మరుసటి ఏడాది ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైనది టెస్లా మోడల్ 3. ఖరీదైన కార్లు కొనే మనుషులు మాయం కాలేదు, పన్ను గీసిన గీతకు దగ్గరగా జరిగారు. దీనికి ముందు అదే దేశంలో పెట్రోలుతోనూ, ఛార్జింగ్ చేసిన బ్యాటరీతోనూ నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ల మీద ఇచ్చిన ఉదారమైన రాయితీ మరో సమస్య తెచ్చింది: కంపెనీ ఇంధన కార్డు చేతిలో ఉన్న ఉద్యోగికి ఛార్జింగ్ కేబుల్ బయటికి తీయవలసిన అవసరం కనిపించలేదు, కాగితం మీద చూపిన మైలేజీ రోడ్డు మీద రాలేదు.

ధర పరిమితి పెట్టినప్పుడు తయారీదారులు కూడా కదులుతారు. అమెరికాలో 2023 నుంచి 7,500 డాలర్ల తగ్గింపుకు సెడాన్‌లకు 55 వేలు, ఎస్‌యూవీలకు 80 వేల డాలర్ల హద్దు వచ్చింది. ఐదు సీట్ల టెస్లా మోడల్ వైని మొదట 55 వేల హద్దు కిందికి చేర్చారు. జనవరిలో కంపెనీ ధరలు గణనీయంగా తగ్గించింది. ఫిబ్రవరిలో అధికారులు వర్గీకరణ సవరించి ఆ కారును 80 వేల హద్దులోకి మార్చారు. చైనాలో 2020లో 3 లక్షల యువాన్లు దాటిన కార్లకు సబ్సిడీ ఆపినప్పుడు బ్యాటరీ మార్పిడి సౌకర్యం ఉన్న కార్లకు మినహాయింపు ఇచ్చారు; నియో లాంటి ఖరీదైన కార్ల కంపెనీకి అది ఊపిరి పోసింది.

కొనేవారికి ఇందులో పనికొచ్చే విషయం ఆర్డరు కాగితంలో ఉంటుంది. అమెరికా నియమంలో హద్దును లెక్కించేటప్పుడు ఫ్యాక్టరీలోనే అమర్చిన అదనపు హంగుల ధర కూడా కలిసేది. నేను చూసిన ఒక ఆర్డరులో మూల ధర హద్దుకు దిగువనే ఉంది. దాని కింద ప్రత్యేక రంగు, ఆ కింద పెద్ద చక్రాలు, ఆ కింద లోపలి తెల్ల తోలు. మూడో వరుస దగ్గర మొత్తం హద్దు దాటింది. ఆ తోలు అసలు ధరకు 7,500 డాలర్లు అదనంగా పడ్డట్టయింది. అమెరికా తగ్గింపు 2025 సెప్టెంబరు 30తో ముగిసింది గానీ, ధర హద్దు ఉన్న ప్రతి చోటా ఇదే లెక్క చేసుకోవాలి: హద్దు మూల ధరకా, హంగులతో కలిపిన ధరకా, పన్నుకు ముందు ధరకా, తర్వాత ధరకా? ఈ నాలుగు మాటలకు జవాబు రాతపూర్వకంగా తీసుకోనిదే బుకింగ్ సొమ్ము కట్టవద్దు.

తొందరపడటం విషయానికి వస్తాను. గడువు లోపల కొనడం వల్ల మిగిలేది రాయితీ మొత్తం అంతా అని అనుకోవద్దు. రాయితీ తగ్గినప్పుడు తయారీదారు అందులో కొంత తానే భరిస్తూ ధర తగ్గించవచ్చు. 2019 జనవరిలో అమెరికాలో టెస్లా కార్లకు తగ్గింపు 7,500 నుంచి 3,750కి పడినప్పుడు కంపెనీ వెంటనే ధరను 2,000 డాలర్లు తగ్గించింది. డిసెంబరులో పరుగెత్తి కొన్నవారికి నికరంగా మిగిలింది 1,750 మాత్రమే. నాకు తెలిసిన ఒక దంపతులు ఇలాగే సంవత్సరాంతపు గడువు కోసం, తమకు నచ్చిన రంగు, బ్యాటరీ పరిమాణం వదులుకుని షోరూమ్‌లో సిద్ధంగా ఉన్న కారు తీసుకున్నారు. కొద్ది వారాలకే తయారీదారు ఆ మోడల్ ధర తగ్గించారు, వారికి మిగిలిన పన్ను కంటే ఎక్కువగా. ఖరీదైన ఎలక్ట్రిక్ కార్లు మళ్లీ అమ్మేటప్పుడు విలువ త్వరగా కోల్పోతాయి. కొత్త కారు ధర తగ్గిన ప్రతిసారీ పాత కారు ధర దాని వెంటే దిగుతుంది. అందుకే మూడు నాలుగేళ్లలో మార్చేసే అలవాటు ఉన్నవారికి నేను లీజునే సూచిస్తాను. విలువ పడిపోయే ప్రమాదం అప్పుడు లీజు సంస్థ మీద ఉంటుంది.

ఆగితే లాభించిన సందర్భాలూ ఉన్నాయి. జర్మనీలో కంపెనీ కారు సొంత వాడకానికి పెట్రోలు కారైతే ధరలో నెలకు ఒక శాతం, ఎలక్ట్రిక్ కారైతే హద్దు లోపల పావు శాతం, హద్దు దాటితే అర శాతం ఆదాయంలో కలుపుతారు. ఆ హద్దు 60 వేల యూరోల నుంచి 2024లో 70 వేలకు, 2025 జూన్ 30 తర్వాత కొన్న కార్లకు లక్షకు పెరిగింది. 90 వేల యూరోల ఎలక్ట్రిక్ కారుకు నెలకు 450 బదులు 225 మాత్రమే ఆదాయంలో కలుస్తుంది. జూన్ చివరి వారంలో కారు చేతికి తీసుకున్నవారు ఆ కారు వాడినన్నాళ్లూ రెట్టింపు కడతారు. ఆ వేసవిలో నేను ఇచ్చిన సలహాల్లో ఎక్కువ భాగం డెలివరీని జూలైకి జరపమనే.

చివరిగా, ఏ తేదీ లెక్కలోకి వస్తుందో తెలుసుకోండి. ఆర్డరు తేదీయా, డెలివరీ తేదీయా, రిజిస్ట్రేషన్ తేదీయా? అమెరికాలో 2025 గడువుకు ముందు కట్టుబడే ఒప్పందం చేసుకుని కొంత సొమ్ము చెల్లించి ఉంటే, కారు తర్వాత చేతికొచ్చినా తగ్గింపు వర్తించింది. జర్మనీలో అప్పటి నగదు సబ్సిడీకి మాత్రం కారు నమోదయ్యాకే దరఖాస్తు చేయాల్సి ఉండేది. 2023 డిసెంబరు 16న ప్రభుత్వం మర్నాటితో దరఖాస్తులు ఆపేస్తున్నట్టు ప్రకటించగానే, ఆర్డరు ఇచ్చి కారు కోసం ఎదురుచూస్తున్నవారు నష్టపోయారు. కొందరికి తయారీదారులే ఆ మొత్తం భరించారు గానీ అందరికీ అది దక్కలేదు.

కాబట్టి మీ బుకింగ్ పత్రంలో రెండు వాక్యాలు రాయించుకోండి. డెలివరీ ఆలస్యమై రాయితీ పోతే ఆ మొత్తాన్ని డీలరు ధరలో తగ్గించాలి. అందుకు డీలరు ఒప్పుకోకపోతే అడ్వాన్సు పూర్తిగా వెనక్కి ఇవ్వాలి. కంపెనీ ద్వారా తీసుకుంటున్నట్టయితే మూడోది కూడా కావాలి: లీజు మధ్యలో ఉద్యోగం మానితే మిగిలిన వాయిదాలు ఎవరు కడతారు? రాయితీ అంటే కనీసం ఇన్ని నెలలు కారు అమ్మకూడదన్న షరతు కూడా చాలా చోట్ల ఉంటుంది. అది ఎన్ని నెలలో, ముందే అమ్మితే ఎంత తిరిగి కట్టాలో అడగండి. మీది ఏ దేశమో, కారు సొంత పేరు మీదా కంపెనీ పేరు మీదా, ఎన్నేళ్లు ఉంచుకోవాలనుకుంటున్నారో రాస్తే, ఆ అంకెలతో లెక్క కట్టి చెబుతాను.